మద్ది చెక్క, ఎలుక గుండె, మీ బాపు స్టెంటు

ములుగు దగ్గరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "మా బాపుకు 58 ఏళ్లు. నాలుగు నెలల కింద గుండెపోటు వస్తే హనుమకొండలో స్టెంటు వేశారు. రోజుకు ఆరు రకాల గోలీలు మింగుతున్నాడు. మా మేనమామ ఏటూరునాగారం వైపు నుంచి తెల్లమద్ది చెక్క (బెరడు) పొడి తెచ్చి, ఇది తాగుతుంటే మెల్లగా ఇంగ్లీషు మందులు బంద్ చేయొచ్చంటున్నాడు. బీఫార్మసీ చదివే మా చెల్లె ఒక పరిశోధన పత్రం చూపించింది. ఒక చెట్టు బెరడు సారం ఎలుకల గుండెను కాపాడిందని, మంచి యాంటీఆక్సిడెంట్ అని అందులో ఉంది. బాపుకు తాగించవచ్చా?"

తమ్ముడూ, జవాబంతా చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్క పేరా చదవండి. రక్తం గడ్డకట్టకుండా మీ బాపుకు రెండు గోలీలు ఇచ్చి ఉంటారు. ఒకటి ఆస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ అయి ఉంటుంది. ఆ రెండూ ఒక్క పూట కూడా మానిపించొద్దు. స్టెంటంటే సన్నని లోహపు జాలీ. రక్తనాళం లోపలి పొర దాని మీదికి పెరిగి కప్పేసేదాకా రక్తం దాన్ని పరాయి వస్తువుగానే చూస్తుంది, గడ్డకట్టబోతుంది. అందుకే గుండెపోటు తర్వాత స్టెంటు పడితే మామూలుగా ఏడాదిదాకా రెండు గోలీలూ నడిపిస్తారు. ఎవరికి ఎప్పుడు ఆపాలో వాళ్ల కార్డియాలజిస్టే చెప్పాలి. మధ్యలో మానేస్తే స్టెంటులో గడ్డ కట్టొచ్చు, అప్పుడు వచ్చే గుండెపోటు ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ గోలీల బదులు మద్ది చెక్క సరిపోతుందని స్టెంటు వేసిన మనుషుల్లో ఎవరూ చూపించలేదు.

ఇక మిగతా సంగతి. నేను ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయన్న శాస్త్రం, చెప్పి రిటైరైనవాణ్ణి. వరంగల్‌లోనే చదివాను, ఇక్కడే పాఠాలు చెప్పాను. ఎమ్ఫార్మసీ పిల్లలతో ఇలాంటి బెరడు ప్రయోగాలు చేయించాను, మీ చెల్లె చూపించినలాంటి పత్రాలు చేతులారా దిద్దాను. కాబట్టి వాటి లోపల ఏముంటుందో తెలుసు. మీ మామ చెప్పింది ఉత్తదని కొట్టిపారేయను. చెల్లె చూపించిన పత్రం కూడా అబద్ధం కాకపోవచ్చు. చిక్కల్లా ఎలుక దగ్గర్నుంచి బాపు దగ్గరికి వచ్చే దారిలో ఉంది.

మొదట చెట్టు గురించి. తెల్లమద్దిని కొందరు ఏరుమద్ది అంటారు, ఏరు పక్కన, వాగుల ఒడ్డున పెరుగుతుంది కాబట్టి. సంస్కృతంలో అర్జున అంటారు, ఆ మాటకూ తెలుపనే అర్థం. మాను నున్నగా, బూడిద తెలుపులో ఉండి పైపొర పలకలు పలకలుగా ఊడుతుంటుంది. దాని దాయాది నల్లమద్ది. దాని బెరడు మందంగా, నల్లగా, మొసలి వీపులా పగుళ్లు బారి ఉంటుంది. మహదేవపూర్, చెన్నూరు వైపు దసలి పట్టుపురుగులను పెంచేది ఈ మద్ది చెట్ల మీదే. చెట్టు మీద ఉన్నప్పుడు ఏది ఏదో పసిపిల్లవాడైనా చెప్తాడు. పొడి కొట్టి పొట్లం కట్టాక మాత్రం నాకే కష్టం. మా ల్యాబుకు పిల్లలు ఒకసారి మూడు చోట్ల నుంచి తెల్లమద్ది పొడి కొనుక్కొచ్చారు. మూడు పొట్లాలూ మూడు రంగులు. ఒకటి గులాబీ ఛాయ, ఒకటి ఇటుక పొడి, మూడోది కాఫీ పొడిలా ఉంది. మైక్రోస్కోపు కింద పెడితే తెల్లమద్ది బెరడులో క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు పువ్వు రేకుల్లా గుత్తులుగా కనిపించాలి. ఆ మూడింట్లో ఒకదాన్ని చూసి నేను పెదవి విరిచాను. మీ మామ తెచ్చింది చెట్టు నుంచి నేరుగా కొట్టిన చెక్కను తానే పొడి చేసిందా, ఎవరో ఇచ్చిన పొడా అన్నది మొదట అడగండి. ఎవరో ఇచ్చిన పొడైతే నేను తాగించను.

గుండెకు మద్ది చెక్క వాడటం మొన్నమొన్నటి వాట్సాప్ వైద్యం కాదు. 7వ శతాబ్దపు ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడు గుండె జబ్బుకు దీన్ని చెప్పాడంటారు. 11వ శతాబ్దంలో చక్రపాణిదత్తుడు పాలతోనో నెయ్యితోనో బెల్లం నీళ్లతోనో తీసుకొమ్మన్నాడు. ఆయుర్వేదంలో క్షీరపాకం అనే పద్ధతి ఉంది. ఒక వంతు చెక్క, ఎనిమిది వంతుల పాలు, ముప్పై రెండు వంతుల నీళ్లు కలిపి, నీరంతా ఇగిరి పాలు మిగిలేదాకా సన్నని మంట మీద కాచాలి. పాలెందుకు అంటే, మద్ది చెక్క నిండా టానిన్లుంటాయి, నాలుక పట్టేసేంత వగరు. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ వాటిని పట్టుకుంటుంది. చాయ్‌లో పాలు పోస్తే వగరు తగ్గేదీ ఇందుకే.

ఆ చెక్కలో టానిన్లే కాక ఆర్జునోలిక్ ఆమ్లం, ఆర్జునిక్ ఆమ్లం లాంటి ట్రైటర్పీనాయిడ్లు, ఫ్లేవనాయిడ్లు, గాలిక్ ఆమ్లం, ఎలాజిక్ ఆమ్లం, దండిగా క్యాల్షియం ఉంటాయి. ఇందులో ఏది ఎంత బయటికి దిగుతుందన్నది దేనిలో నానబెట్టామో దాని మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లలో కాస్తే టానిన్లు ఎక్కువ దిగుతాయి. ఆల్కహాలులో తీస్తే ట్రైటర్పీనాయిడ్లు బాగా వస్తాయి. పత్రం పేరులో 'ఇథనాల్ సారం' అని ఉంటే, మీ ఇంట్లో గిన్నెలో కాచే కషాయం అది కాదని అక్కడే గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు ఎలుక దగ్గరికి వద్దాం. మీ చెల్లె పత్రం నేను చూడలేదు గానీ, ఈ రకం పత్రాలు నూటికి తొంభై ఒకే మూసలో ఉంటాయి. చెట్టు పేరు మారుతుంది, అంతే. బెరడును ఎండబెట్టి, పొడిచేసి, సాక్స్‌లెట్ పరికరంలో సారం తీస్తారు. ఎలుకలను ఆరేసి చొప్పున గుంపులు చేస్తారు. మూడు నాలుగు వారాల పాటు రోజూ నోటి గుండా సారం పోస్తారు. చివరి రెండు రోజులు ఐసోప్రొటెరినాల్ అనే మందును కిలో బరువుకు 85 మిల్లీగ్రాముల లెక్కన చర్మం కింద ఎక్కిస్తారు. అది అడ్రినలిన్ లాంటిది. గుండెను గుర్రంలా పరుగెత్తిస్తుంది, ఆక్సిజన్ చాలకుండా చేస్తుంది. పైగా ఆ మందే ఆక్సీకరణ చెంది ఫ్రీ రాడికల్స్‌ను, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను, పుట్టిస్తుంది. గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోతుంది. చచ్చిన కణాల్లోంచి సీకే-ఎంబీ, ఎల్‌డీహెచ్ అనే ఎంజైములు రక్తంలోకి కారతాయి. సారం తాగిన ఎలుకల్లో ఆ కారడం తగ్గితే, గుండె కణజాలంలో ఫ్రీ రాడికల్స్‌ను ఆపే ఒంటి సొంత కాపలాదారులు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్, గ్లూటాథయాన్ నిలబడితే, గుండెకు రక్షణ ఉందని రాస్తారు.

ఇందులో మోసం లేదు. కానీ మీ బాపు సంగతిని దీని పక్కన పెట్టి చూడండి. ఆ ఎలుక కుర్రది, దాని రక్తనాళాలు కడిగిన గొట్టాల్లా ఉంటాయి. కొవ్వు పేరుకోలేదు, బీపీ లేదు, బీడీ తాగలేదు. మనిషికి వచ్చే గుండెపోటు ఎక్కువసార్లు రక్తనాళంలో పేరుకున్న కొవ్వు గడ్డ చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది. ఎలుకకు మనం చేసింది అది కాదు, విషం ఎక్కించడం. ఫ్రీ రాడికల్స్ పుట్టించే మందుతో దెబ్బకొట్టాం కాబట్టి, ఫ్రీ రాడికల్స్‌ను ఆపే సారం ఏదైనా ఎంతో కొంత గెలుస్తుంది. ప్రశ్నపత్రం మనమే రాసి, జవాబు తెలిసిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టినట్టు.

ఇంకొకటి, నా దృష్టిలో అసలుది. ఎలుకకు దెబ్బ తగలక ముందు నెల రోజులు సారం తాగించాం. మీ బాపుకు దెబ్బ తగిలి నాలుగు నెలలైంది. వాన రాకముందు ఇల్లు కప్పడం వేరు, కూలిన గోడను నిలబెట్టడం వేరు. పత్రం శీర్షికలో ఉండే 'రక్షణ' అన్న మాటను చదివేవాళ్లు 'నయం చేయడం' అని చదువుకుంటారు. నా విద్యార్థులే పరీక్షల్లో అలా రాసేవాళ్లు, ఇక మీ మామను ఏమంటాం.

మోతాదు లెక్క కూడా చూద్దాం, మీ చెల్లెకు పనికొస్తుంది. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములు ఇచ్చారనుకుందాం. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు సుమారుగా 6.2తో భాగిస్తారు. కిలోకు 65 మిల్లీగ్రాములకు దగ్గర. 60 కిలోల మనిషికి దాదాపు 3.9 గ్రాములు. అది సారం, చెక్క కాదు. వంద గ్రాముల చెక్క నుంచి పదిహేను గ్రాముల సారం దిగిందనుకుంటే, రోజుకు 26 గ్రాముల చెక్క కావాలి. మీ మామ చెంచా కొలతకు మూడు నాలుగు గ్రాములు రావడమే గొప్ప. అంటే పత్రం చూపించి ఇంట్లో చెంచా తాగించడంలో రెంటికీ పొంతనే లేదు. అలాగని ఇరవై ఆరు గ్రాములు తాగించమని నేనంటున్నాననుకునేరు, అస్సలు కాదు.

యాంటీఆక్సిడెంట్, అంటే ఫ్రీ రాడికల్స్‌ను ఆపేది, అన్న మాట మీద నాకు కొంచెం కోపం ఉంది, చెప్పనివ్వండి. ల్యాబులో డీపీపీహెచ్ అనే ఊదా రంగు ద్రావణం ఉంటుంది. సారం కలిపితే ఊదా పోయి పసుపు తిరుగుతుంది. ఎంత తక్కువ సారానికి రంగు సగం పోయిందో చూసి, విటమిన్ సితో పోల్చి మార్కులేస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చవక కూడా, అందుకే ప్రతి థీసిస్‌లో ఉంటుంది. ఒకసారి మా పిల్లలు అల్లరికి క్యాంటీన్ నుంచి పాలు పోయని చాయ్ డికాషన్ తెచ్చి అందులో చుక్కలేశారు. రంగు టక్కున పోయింది. జామాకు వేసినా పోతుంది, నేరేడు చెక్క వేసినా పోతుంది. గాజు గొట్టంలో రంగు పోవడానికీ గుండెపోటు ఆగడానికీ మధ్య పేగు, కాలేయం, రక్తం ఉన్నాయి. మద్దిలోని పెద్ద టానిన్లు పేగు దాటి రక్తంలోకి రావడమే తక్కువ. పేగులోని బ్యాక్టీరియా వాటిని విరగ్గొట్టి యూరోలితిన్లనే వేరే పదార్థాలుగా మారుస్తుంది. గొట్టంలో పరీక్షించిన పదార్థం గుండె దాకా ఆ రూపంలో చేరనే చేరదు.

ఒకప్పుడు డాక్టర్లు కూడా యాంటీఆక్సిడెంట్లను నమ్మారు. పెద్ద పెద్ద పరీక్షలు పెట్టారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది. 2000లో హోప్ అనే పరీక్షలో తొమ్మిదిన్నర వేల మందికి విటమిన్ ఇ రోజుకు 400 యూనిట్ల చొప్పున నాలుగున్నరేళ్లు ఇచ్చారు. గుండెకు లాభం సున్నా. 2002లో బ్రిటన్‌లో 20,536 మందికి విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ మూడూ కలిపి ఐదేళ్లు ఇచ్చి చూశారు. అక్కడా అంతే. డీపీపీహెచ్ పరీక్షలో మొదటి ర్యాంకు కొట్టే విటమిన్ల గతే ఇది. కాబట్టి ఎవరైనా ఒక బెరడును 'యాంటీఆక్సిడెంట్ కాబట్టి గుండెకు మంచిది' అని అమ్మితే, ఆ కారణం చెల్లదు. మద్ది చెక్కకు వేరే మంచి ఆధారాలు ఉన్నాయి, అవి చూపించాలి.

ఉన్నాయి కూడా. మనుషుల మీద చేసినవి. ఇండోర్‌లో 1995లో మందులకు లొంగని తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 12 మందికి మద్ది బెరడు సారం 500 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకోసారి రెండు వారాలు ఇచ్చారు, మామూలు మందులు ఆపకుండానే. లక్షణాలు తగ్గాయి, గుండె పంపింగ్ మెరుగైంది. 2002లో అదే బృందం నడిస్తే ఛాతీ నొప్పి వచ్చే 58 మంది మగవాళ్ల మీద చేసింది. వారం రోజుల్లో నొప్పులు తగ్గాయి, ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు నడవగలిగారు, ఛాతీ నొప్పికి వాడే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ గోలీకి దాదాపు సాటిగా వచ్చింది. 2001లో జైపూర్‌లో 105 మంది గుండె జబ్బువాళ్లను మూడు గుంపులు చేసి ఒక గుంపుకు ఉత్తుత్తి మందు, ఒక గుంపుకు విటమిన్ ఇ, ఒక గుంపుకు రోజుకు 500 మిల్లీగ్రాముల మద్ది బెరడు పొడి నెల రోజులు ఇచ్చారు. మద్ది గుంపులో మొత్తం కొలెస్టరాల్ దాదాపు 10 శాతం, చెడు కొలెస్టరాల్ దాదాపు 16 శాతం తగ్గాయి. బాగుంది. కానీ మీ బాపు గోలీల్లో బహుశా ఉండే అటోర్వాస్టాటిన్ అనే కొలెస్టరాల్ మందు పెద్ద మోతాదులో చెడు కొలెస్టరాల్‌ను సగానికి దించుతుంది, ప్రాణాలు కాపాడుతుందని వేలమంది మీద ఏళ్ల తరబడి చూశారు. నూట ఐదుగురు, నెల రోజుల లెక్కను దాని పక్కన పెట్టలేం.

తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు గట్టిగానే చేశారు. 2016లో అచ్చైంది. గుండె వైఫల్యం ఉన్న 100 మంది, మామూలు మందులతోపాటు మద్ది బెరడు నీటి సారం 750 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 12 వారాలు. ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తిది అన్నది డాక్టరుకూ తెలియదు, రోగికీ తెలియదు. ఎల్‌వీఈఎఫ్, అంటే గుండె పంపింగ్ శాతం, ఏం మారలేదు. కొందరిలో నడక ఓపిక పెరిగింది, రక్తంలో యాంటీఆక్సిడెంట్ నిల్వలు పెరిగాయి. యాంటీఆక్సిడెంట్ పెరిగినా పంపింగ్ పెరగలేదు, చూశారా. పైన నా కోపానికి కారణం ఇదే.

బెరడు నుంచి నిజమైన గుండె మందు రాలేదా అంటే వచ్చింది. సింకోనా చెట్టు బెరడులో మలేరియాకు వాడే క్వినైన్‌తోపాటు క్వినిడిన్ కూడా ఉంటుంది. 1918లో గుండె లయ తప్పినవాళ్లకు దాన్ని వాడటం మొదలైంది, దశాబ్దాలపాటు వాడారు. అదే మందు కొందరిలో ప్రమాదకరమైన కొత్త లయ తప్పుడు తెచ్చింది. చెట్టుది కాబట్టి చెడు చేయదు అన్న మాటకు జవాబు చెట్టే చెప్పింది. ఆస్పిరిన్ కథ కూడా విల్లో చెట్టు బెరడు దగ్గరే మొదలైంది. కాబట్టి మీ బాపు రోజూ మింగే గోలీల్లో ఒకదానికి బెరడు చుట్టరికం ఉందని మామకు చెప్పండి, ఆయన మెత్తబడవచ్చు.

గోలీలతో కలిపి తాగించడంలో ఉన్న చిక్కు వేరు. మద్ది సారం కాలేయంలో మందులను విరగ్గొట్టే సీవైపీ ఎంజైములను అడ్డుకుంటుందని ల్యాబులో చూపించారు. 3ఏ4, 2డీ6, 2సీ9 అనేవి అందులో ఉన్నాయి. అటోర్వాస్టాటిన్, బీపీకి, గుండెకు వాడే మెటోప్రొలాల్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వరసగా ఈ మూడింటి దారిన పోయేవే. ఇది గొట్టంలో తేలిన సంగతి కాబట్టి మనిషిలోనూ అంతే జరుగుతుందని నేననను. పైన డీపీపీహెచ్‌ను తిట్టి ఇక్కడ గొట్టాన్ని నమ్మితే నన్ను మీరు పట్టుకుంటారు. కానీ లాభం రుజువు కావాలంటే గట్టి ఆధారం అడుగుతాం, నష్టం ఉండొచ్చంటే చిన్న అనుమానానికైనా ఆగుతాం. వైద్యంలో ఈ పక్షపాతం ఉండాల్సిందే. వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు మద్ది జోలికి పోవద్దు. రక్తం తక్కువై ఐరన్ గోలీలు వేసుకునేవాళ్లు కషాయంతో కలిపి మింగితే టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి.

మీ బాపుకైతే నా సలహా ఇది, డాక్టరు మాటకు లోబడే. రెండు గోలీల గడువు ముగిసేదాకా మద్ది పొట్లం అటక మీద ఉండనివ్వండి. ఆ తర్వాత కూడా బాపుకు మనసు ఉంటే, పొట్లం తీసుకుని కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లి ఎదురుగా పెట్టి అడగండి. చాలామంది దాచి తాగుతారు, అది అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. డాక్టరు కోప్పడితే పడనివ్వండి. ఆయన సరేనంటే పొడి పొట్లం వదిలేసి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్నది కొనండి. మనుషుల మీద పరీక్షించిన మోతాదు ఒక్కో విడతకు 500 నుంచి 750 మిల్లీగ్రాములేనని గుర్తుంచుకోండి, చెంచాలు వద్దు. మలబద్ధకం, కడుపులో మంట, తలనొప్పి రావచ్చు. లేవగానే కళ్లు తిరిగితే బీపీ చూడండి. మలం నల్లగా పోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా మద్ది ఆపి దవాఖానకు వెళ్లండి. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం మొదలైతే మద్ది కషాయం కాచుకుంటూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

మామతో గొడవ పెట్టుకోవద్దు. ఆయన అంత దూరం పోయి తెచ్చింది బావ మీది ప్రేమతో. బాపు రోజూ పొద్దున అరగంట నడవాలి కదా, ఆ పని మామకు అప్పగించండి, వెంట ఉండి నడిపించమనండి. ఉప్పు, బీడీ విషయంలో కూడా బాపు మీ మాటకన్నా మామ మాటే వింటాడేమో చూడండి.

చెల్లెకు ఒక పని. డిశ్చార్జి సమ్మరీలో ఎల్‌వీఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంతో, ఆరు గోలీల పేర్లేంటో, బాపుకు షుగర్ ఉందో లేదో ఇక్కడ రాయమనండి. అప్పుడు ఇంకొంచెం వివరంగా చెప్తాను.